రక్తకణము తూచిన ఉప్పు

వేసవిలో మామిడికాయలు దిగిన దినములలో తెలుగువారి ఇండ్లలో మాగాయ పెట్టుదురు. చెక్కు తీసి తరిగిన ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో ఉంచుదురు. మూడవనాటికి ఆ జాడీలో ఎవరును నీరు పోయకుండగనే ఊట దిగియుండును. ముక్కలు ముడుచుకొని మెత్తబడియుండును. ఎండుద్రాక్షల సంగతి ఇందుకు విరుద్ధము. వానిని రాత్రి మంచినీటిలో నానవేసినచో తెల్లవారునప్పటికి ఉబ్బి నునుపు తేలును. మొదటిదానిలో నీరు ముక్కనుండి బయటికి వచ్చినది. రెండవదానిలో బయటినుండి లోపలికి పోయినది. అయినను రెండింటిలోను జరిగినది ఒక్కటే. నీరు పలుచని ద్రావణమునుండి చిక్కని ద్రావణమువైపు నడచినది. మధ్యనున్న పొర నీటిని పోనిచ్చును. అందు కరగియున్న ఉప్పును, చక్కెరను అంత సులభముగా పోనీయదు. ఇట్టి పొరగుండా నీరు సాగుటకు ద్రవాభిసరణమని పేరు.

వంటింటి జాడీలో జరుగు ఈ పని రక్తములో జరిగినచో ప్రాణముమీదికి వచ్చును. నీరసించిన రోగికి రక్తనాళములోనికి ఎక్కించు సెలైన్ సీసాపై 0.9 శాతము అను సంఖ్య కనుపించును. అనగా 100 మిల్లీలీటర్ల ద్రావణములో 0.9 గ్రాముల ఉప్పు ఉన్నదన్నమాట. ఆ ఉప్పు లేక కేవలము స్వేదనజలమునే ఎక్కువగా ఎక్కించినచో రక్తములోని ఎర్రకణములు ఉబ్బి పగులును. వానిలోని ఎర్రని పదార్థము రక్తరసములో కలిసి మూత్రపిండములకు చేటు తెచ్చును. మరి ఈ 0.9 అను సంఖ్యను ఎవరు నిర్ణయించిరి? ఏ తాసులో తూచి నిర్ణయించిరి? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది. అందుకు తోడ్పడినవారిలో వైద్యులేగాక ఒక మతగురువు, ఒక సారా వర్తకుడు, ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు కూడ కలరు. కాని కడపట తీర్పు చెప్పినది కంటికి కనుపించని ఎర్రకణమే.

హ్యూసన్ చూచిన బిళ్ళలు

17వ శతాబ్దమున సూక్ష్మదర్శిని వాడుకలోనికి వచ్చిన తరువాత హాలెండు దేశీయుడైన లీవెన్‌హుక్ మొదలగువారు రక్తములో ఎర్రని కణములను చూచిరి. అవి గుండ్రని గోళములని చాలమంది నమ్మిరి. ఇంగ్లండులో విలియం హ్యూసన్ అను శరీరశాస్త్రజ్ఞుడు ఈ నమ్మకమును పరీక్షించెను. రక్తము చిక్కగా ఉండుటచే కణములు ఒకదానిపై నొకటి పడి స్పష్టముగా కనుపించవు. కావున దానిని పలుచన చేయవలెను. హ్యూసన్ నీటికి బదులు రక్తమునుండి తేరిన రసముతోనే పలుచన చేసి చూచెను. అప్పుడు కణములు గోళములుగా గాక బిళ్ళలవలె చదునుగా కనుపించెను. పిమ్మట నీరు కలిపెను. చూచుచుండగనే ఆ బిళ్ళలు ఉబ్బి గోళములై, తుదకు కనుపించకుండ పోయెను. నీటిలో తగినంత ఉప్పు వేసినచో బిళ్ళ ఆకారము చెడలేదు. ఉప్పు మితిమీరినచో కణములు ముడుచుకొనిపోయెను.

ఈ సంగతులను హ్యూసన్ 1773లో లండనులోని రాయల్ సొసైటీవారికి తెలిపెను. మరుసటి సంవత్సరమే, శవపరీక్ష చేయుచుండగా తగిలిన గాయము విషమించి, 34 ఏండ్ల వయసులో మరణించెను. రక్తమునకు ఉప్పు ఎందుకు అవసరమో తెలుపు దృశ్యమును అతడు కన్నులారా చూచెను. కాని అట్లు జరుగుటకు కారణమేమో చెప్పగల శాస్త్రము అప్పటికి పుట్టలేదు.

తిత్తిలోనికి చొరబడిన నీరు

ఆ కారణమునకు దారి వేరొకచోట అంతకు పూర్వమే తెరచియుండెను. ఫ్రాన్సు దేశమున జీన్ ఆంత్వాన్ నోలే అను మతగురువు భౌతికశాస్త్ర ప్రయోగములలో నేర్పరి. 1748లో అతడు ఒక పాత్రను సారాతో నింపి, మూతికి పంది మూత్రాశయపు తిత్తిని బిగించి కట్టి, నీటిలో ముంచి ఉంచెను. కొన్ని గంటలకు ఆ తిత్తి పైకి ఉబ్బి బిగుసుకొనెను. సూదితో పొడువగా లోని ద్రవము చిమ్మనగ్రోవినుండి వెడలినట్లు పైకి చిమ్మెను. నీరు తిత్తిగుండా లోపలికి పోయినదేగాని, సారా అంత వేగముగా బయటికి రాలేదని నోలే గ్రహించెను.

ఆ తరువాత సుమారు 80 సంవత్సరములకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద్యుత్రోషే ఈ ప్రయోగమును జీవకణములతో ముడివెట్టెను. మొక్కలలోను జంతువులలోను ద్రవములు కదలుటకు ఇదియే మూలమని భావించి, 1826 ప్రాంతమున లోనికి పోవు ప్రవాహమునకు ఎండాస్మోస్ అనియు, వెలుపలికి వచ్చు ప్రవాహమునకు ఎక్సాస్మోస్ అనియు పేర్లు పెట్టెను. నెట్టుట అను అర్థము గల గ్రీకు మాటనుండి ఈ పేర్లు పుట్టినవి. నేడు ప్రపంచమంతటను వాడు ఆస్మాసిస్ అను మాట వీనినుండియే వచ్చినది.

లీత్ నగరమున కలరా

ద్యుత్రోషే పేర్లు పెట్టిన కొలది సంవత్సరములకే ఐరోపాలో కలరా వ్యాపించెను. 1831 చివర అది బ్రిటనులో ప్రవేశించెను. ఓషాఘ్నెసీ అను యువవైద్యుడు కలరా రోగుల రక్తమును పరీక్షించి, అందు నీరును, లవణములును మిక్కిలి తగ్గినవనియు, వానిని తిరిగి రక్తములోనికి చేర్చుటయే చికిత్స కాగలదనియు ప్రకటించెను. ఇతడే తరువాత కలకత్తా వచ్చి వైద్య కళాశాలలో రసాయనశాస్త్రము బోధించెను; భారతదేశములో తంతి మార్గములు వేయించినవాడును ఇతడే.

ఆ సలహాను ఆచరణలో పెట్టినవాడు థామస్ లట్టా. ఎడిన్‌బరో నగరమునకు రేవైన లీత్ పట్టణమున ఇతడు వైద్యుడు. 1832లో చావు బ్రతుకులలో ఉన్న ఒక వృద్ధురాలి రక్తనాళములోనికి ఇతడు ఉప్పును, సోడాను కరగించిన నీటిని కొద్దికొద్దిగా ఎక్కించెను. లోతుకుపోయిన కన్నులు తేరుకొనెను, నాడి ఆడెను, చల్లబడిన చేతులకు వేడి వచ్చెను. ఆమె బ్రతికినదని తలచి లట్టా విశ్రాంతికి వెళ్ళెను. వాంతులు, విరేచనములు మరల మొదలయ్యెను. కొన్ని గంటలలోనే ఆమె మరణించెను. తరువాత చికిత్స పొందిన మరికొందరు మాత్రము బ్రతికిరి.

ఈ పద్ధతి నిలువలేదు. కలరా తగ్గుటతో దానిని విడిచివేసిరి. 1833లో లట్టాయు మరణించెను. ఇది విఫలమగుటకు కారణములు పెక్కు. రోగి చేయిజారిన తరువాతనే చికిత్స మొదలుపెట్టెడివారు. పోయినంత నీరు మరల మరల ఎక్కించవలెనని చాలమందికి తెలియదు. సూక్ష్మక్రిముల సంగతి తెలియని కాలమగుటచే ద్రవమును, పరికరములను మరగించెడివారు కారు. వీనికి తోడు మరియొక లోపము కలదు. ఎక్కించు నీటిలో ఉప్పు ఎంత ఉండవలెనో ఎవరికిని తెలియదు. లట్టా మొదట వాడిన ద్రవములోని ఉప్పు, రక్తరసమునకు సరిపోవలసినదానిలో సుమారు సగము మాత్రమే. హ్యూసన్ చూచిన ఉబ్బు కణములు, ద్యుత్రోషే పేరుపెట్టిన ప్రవాహము, లట్టా సీసాలోని ఉప్పునీరు, ఈ మూడును ఒక్క విషయమేనని చెప్పగలవాడు ఆనాడు లేడు. కొలత లేని జ్ఞానము రోగి మంచమువద్ద అక్కరకు రాలేదు.

మట్టికుండలో కొలత

ఆ కొలత వృక్షశాస్త్రమునుండి వచ్చినది. జంతువుల తిత్తులు పరీక్షలకు అంతగా పనికిరావు. అవి నీటితోపాటు కరగిన పదార్థములను కూడ కొంత జారవిడుచును. మారిజ్ ట్రౌబె అను జర్మను దేశీయుడు వృత్తిచే సారా వర్తకుడు, ప్రవృత్తిచే రసాయనజ్ఞుడు. కొన్ని లవణముల ద్రావణములు కలిసినచోట ఏర్పడు పలుచని పొర, నీటిని మాత్రము పోనిచ్చి తక్కినవానిని ఆపునని 1867లో ఇతడు చూపెను. అయితే ఆ పొర ముట్టినంతనే చినిగిపోవును.

విల్‌హెల్మ్ ఫెఫర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఇందుకు చక్కని ఉపాయము కనిపెట్టెను. సన్నని రంధ్రములు గల మట్టి పాత్ర గోడలలోనే ఆ పొరను ఏర్పరచెను. అంతట ఆ పొరకు మట్టిగోడయే అండగా నిలిచినది. పాత్రలో చక్కెర ద్రావణము నింపి, మూతి బిగించి, పీడనమును కొలుచు పాదరసపు గొట్టమును అమర్చి, దానిని నీటిలో ఉంచెను. నీరు లోనికి చొచ్చుకొని వచ్చుకొలది పాదరసము పైకి లేచెను. 1 శాతము చక్కెర ద్రావణము పాదరసమును సుమారు 53 సెంటీమీటర్ల ఎత్తునకు నిలుపగలిగెను. 2 శాతము ద్రావణము సుమారు 101 సెంటీమీటర్లు. 4 శాతము ద్రావణము సుమారు 208 సెంటీమీటర్లు. గాఢత రెట్టింపైనచో పీడనమును దాదాపు రెట్టింపైనది. ఫెఫర్ ఈ ఫలితములను 1877లో గ్రంథముగా ప్రకటించెను.

ఆమ్‌స్టర్‌డామ్ నగరములో హ్యూగో డీ వ్రీస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిపాత్రకు బదులు మొక్క కణమునే పరికరముగా గ్రహించెను. గాఢమైన ద్రావణములో పెట్టినప్పుడు మొక్క కణములోని జీవపదార్థము ముడుచుకొని గోడనుండి విడివడును. ఏ గాఢతవద్ద ఇది ఆరంభమగునో సూక్ష్మదర్శినిలో చూడవచ్చును. ఆ విధముగా వేరువేరు పదార్థముల ద్రావణములలో ఒకదానికొకటి సరితూగువానిని డీ వ్రీస్ గుర్తించెను. ఇట్టి ద్రావణములకు ఐసోటానిక్ ద్రావణములని, అనగా సమబలము గలవని పేరు. సరితూగుటకు బరువు ప్రధానము కాదని, అణువుల సంఖ్యయే ప్రధానమని తేలినది. అయితే ఒక చిక్కు మిగిలెను. అణువుకు అణువు పోల్చినప్పుడు చక్కెర బలము 2 అయినచో పెట్లుప్పు బలము 3గా కనుపించెను.

ఫెఫర్ ఫలితములను డీ వ్రీస్ ద్వారా తెలిసికొనిన వాంట్ హాఫ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు, పలుచని ద్రావణములు వాయువుల సూత్రమునే అనుసరించునని 1885–87 మధ్య నిరూపించెను. 1901లో రసాయనశాస్త్రమునకు మొట్టమొదటి నోబెల్ బహుమానము పొందినవాడు ఇతడే. లవణముల చిక్కును స్వీడన్ దేశీయుడు అరీనియస్ 1887లో విప్పెను. ఉప్పు నీటిలో కరగినప్పుడు విద్యుదావేశము గల రెండు ముక్కలుగా విడిపోవును, చక్కెర విడిపోదు. కావుననే కొద్దిపాటి ఉప్పు చాలినచోట చక్కెర ఎక్కువగా కావలసియుండును. నేటి ఆసుపత్రులలో 0.9 శాతము ఉప్పునీటికి సరితూగునది 5 శాతము గ్లూకోజు ద్రావణమగుటకు కారణమిదియే.

హాంబర్గర్ పరీక్ష

మొక్క కణముతో డీ వ్రీస్ చేసినదానిని రక్తకణముతో చేసినవాడు హాలెండు దేశీయుడైన హార్టాగ్ హాంబర్గర్. 1883లో, 24 ఏండ్ల వయసులో, ఇతడు ఈ ప్రశ్న వేసికొనెను: డీ వ్రీస్ చెప్పిన సమబలములు జంతు కణములకు కూడ వర్తించునా?

ఇతడు చేసిన పరీక్ష బహు సులభమైనది. వరుసగా కొన్ని పరీక్షనాళికలలో క్రమముగా గాఢత తగ్గు ఉప్పు ద్రావణములు పోయవలెను. ఒక్కొక్కదానిలో కొంచెము రక్తము కలిపి కదలించి విడువవలెను. గాఢమైన ద్రావణములలో ఎర్రకణములు అడుగునకు దిగి, పైనున్న ద్రవము తేటగా నిలుచును. పలుచని ద్రావణములలో కణములు పగిలి, వానిలోని హీమోగ్లోబిన్ బయటపడి, ద్రవమంతయు ఎర్రనగును. ఏ నాళికవద్ద తేట నీరు ఎర్రబారనారంభించునో అదియే హద్దు. ఉప్పుతోను, పెట్లుప్పుతోను, చక్కెరతోను ఇట్లు హద్దులు గుర్తించి చూడగా, అవి డీ వ్రీస్ మొక్క కణములతో కనుగొన్న నిష్పత్తులలోనే ఉండెను. మొక్కకును జంతువునకును ఈ విషయమున ధర్మము ఒక్కటే.

ఇచట విద్యార్థులు జాగ్రత్తగా గమనింపవలసిన విషయము కలదు. కణము పగులు హద్దు వేరు. కణము ఉబ్బక ముడువక ఉండు గాఢత వేరు. మొదటిదానినుండి రెండవదానిని రాబట్టుటకు మార్గము ఇది. రక్తరసమునకే క్రమముగా నీరు కలుపుచు, ఎంత నీరు కలిపినప్పుడు కణములు పగులునో చూడవలెను. ఉదాహరణకు, ఉప్పునీటిలో కణములు 0.6 శాతమువద్ద పగులనారంభించినవనుకొందము. 100 పాళ్ళ రక్తరసమునకు 50 పాళ్ళ నీరు కలిపినప్పుడు కూడ అదే హద్దు వచ్చినచో, ఆ రసము మొదట అంతకు ఒకటిన్నర రెట్లు బలము గలదన్నమాట. 0.6ను 1.5తో గుణించినచో 0.9 వచ్చును.

అంతకుముందు ప్రయోగశాలలలో 0.6 శాతము ఉప్పునీటినే శరీరమునకు తగినదానినిగా వాడెడివారు. అది కప్పలతో చేసిన ప్రయోగములనుండి వచ్చిన సంఖ్య. కప్ప రక్తము మన రక్తముకన్న పలుచన. ద్రావణము గడ్డకట్టు ఉష్ణోగ్రతను కొలుచుట ఇందుకు మరియొక సాక్ష్యమయ్యెను. కరగిన కణికలు ఎక్కువైనకొలది ద్రావణము సున్న డిగ్రీలకు అంత దిగువన గడ్డకట్టును. మానవ రక్తరసము సున్నకు సుమారు అర డిగ్రీ దిగువన గడ్డకట్టును, 0.9 శాతము ఉప్పునీరును దాదాపు అచటనే గడ్డకట్టును. 1896లో హాంబర్గర్ మానవ రక్తమునకు సరియైన సంఖ్య 0.6 కాదు, 0.9 అని ప్రకటించెను.

అదే సంవత్సరము గ్రైన్స్ అను మరియొక డచ్చి వైద్యుడు యూరియా ద్రావణముతో పరీక్షించి ఒక హెచ్చరిక చేర్చెను. లెక్క ప్రకారము సమబలము గల యూరియా ద్రావణములో కూడ ఎర్రకణములు పగులును. ఏలయన యూరియా పొరగుండా సులభముగా లోనికి పోవును. దాని వెంట నీరును పోవును. కావున ద్రావణములో ఎన్ని కణికలున్నవో తెలిసిన చాలదు. కణపు పొర వేనిని ఆపునో కూడ తెలియవలెను.

ఈ జ్ఞానము కలరా రోగులకు త్వరలోనే ఉపకరించెను. 20వ శతాబ్దపు మొదటి దశకమున కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ రక్తముకన్న గాఢమైన ఉప్పునీటిని తెలిసియే ఎక్కించి, కలరా మరణములను బాగుగా తగ్గించెను. గాఢమైన ద్రావణము కణజాలములలోని నీటిని రక్తనాళములలోనికి లాగునని అతని తలంపు. లట్టా కాలమున గ్రుడ్డిగా వేసిన ఉప్పు ఇప్పుడు లెక్కకు వచ్చినది.

పగులుటకు హద్దు

ఎర్రకణము అడ్డుకొలత 7 నుండి 8 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. దాని పొర చిరుగకుండ సాగగలది బహు స్వల్పము. వైశాల్యములో నూటికి మూడు నాలుగు పాళ్ళు మించదు. అయినను కణము నీరు త్రాగి మొదటి పరిమాణమునకు ఒకటిన్నర రెట్లు దాటువరకు పగులక నిలుచును. దీనికి కారణము దాని బిళ్ళ ఆకారము. సగము నిండిన గోనెసంచి వలె దానిలో వదులు ఉన్నది. ఆ వదులంతయు నిండి గోళమైన తరువాతనే పొరపై బిగువు పడును. ఆరోగ్యవంతుల కణములు సుమారు 0.45 శాతము ఉప్పునీటిలో పగులనారంభించి, 0.3 శాతమునకు దాదాపు అన్నియు పగులును.

వదులు తక్కువైన కణము ముందుగా పగులవలెను కదా! 1907లో పారిస్ వైద్యుడు షోఫార్ ఒకవిధమగు వంశపారంపర్య కామెర్ల రోగుల రక్తమును పరీక్షించి, వారి కణములు మామూలుకన్న గాఢమైన ఉప్పునీటిలోనే పగులుచున్నవని చూపెను. వారి కణములు పుట్టుకతోనే గోళములకు దగ్గరగా ఉండును. థలసీమియా లక్షణము గలవారిలో ఇందుకు విరుద్ధము. వారి కణములు పలుచనై వదులు ఎక్కువగా ఉండుటచే, పలుచని ఉప్పునీటిలో కూడ పగులక నిలుచును.

దీని ఆధారముగా ఒకే నాళికతో చేయు పరీక్ష భారతదేశములో వాడుకలో ఉన్నది. 0.36 శాతము ఉప్పు ద్రావణములో చుక్క రక్తము వేసి, అరగంట తరువాత నాళిక వెనుక నల్లని గీత గీచిన తెల్ల కాగితము ఉంచుదురు. కణములు పగిలినచో ద్రవము తేటపడి గీత స్పష్టముగా కనుపించును. పగులనిచో ద్రవము మసకగా ఉండి గీత కనుపించదు. అట్టివారికి మరింత వివరమైన పరీక్షలు చేయవలెను. తల్లికిని తండ్రికిని ఈ లక్షణమున్నచో బిడ్డకు తీవ్రమైన థలసీమియా వచ్చు అవకాశము ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ఉండును. హాంబర్గర్ నాళికల వరుసలోని ఒక్క నాళిక, విలువైన యంత్రములు లేని చోట కూడ, ఆ కుటుంబమును ముందుగా హెచ్చరింపగలదు.

నీరు పోవు ద్వారము

ఇంతవరకు నీరు పొరగుండా పోవునని చెప్పుకొంటిమి. కాని ఏ దారిని పోవును? 1925లో హాలెండులో గోర్టర్, గ్రెండెల్ అనువారు ఎర్రకణముల పొరనుండి క్రొవ్వు పదార్థమును తీసి నీటిపై పరచి, కణము పైభాగమును రెండు వరుసలుగా కప్పుటకు అది సరిపోవునని తెలిపిరి. క్రొవ్వు పొరగుండా నీరు నెమ్మదిగానే పోగలదు. ఎర్రకణములోనికి మాత్రము మిక్కిలి వేగముగా పోవుచున్నది. కావున నీటికి ప్రత్యేక ద్వారములు ఉండవలెనని కొందరు ఊహించిరి.

అమెరికాలో పీటర్ ఆగ్రె 1988లో ఎర్రకణముల పొరనుండి వేరొక పదార్థమును శుద్ధి చేయుచుండగా తెలియని మాంసకృత్తు ఒకటి దొరకెను. ఒక్కొక్క కణములో అది సుమారు రెండు లక్షల ప్రతులుగా ఉన్నది. 1992లో ఆగ్రె బృందము ఆ మాంసకృత్తును తయారుచేయు సందేశమును కప్ప అండములలో ప్రవేశపెట్టి, వానిని పలుచని ద్రావణములో ఉంచెను. మామూలు అండములు చెక్కుచెదరక ఉండెను. సందేశము పొందినవి మాత్రము నిమిషములలో ఉబ్బి పగిలెను. ఈ నీటి ద్వారమునకు ఆక్వాపోరిన్ అని పేరు. 2003లో ఆగ్రెకు నోబెల్ బహుమానములో భాగము లభించెను.

హ్యూసన్ 1773లో చూచిన ఉబ్బిన బిళ్ళకును, 1992లో పగిలిన కప్ప అండమునకును నడుమ 219 సంవత్సరములు గడచినవి. పరీక్ష మాత్రము మారలేదు. కణమును పలుచని నీటిలో ఉంచి, అది ఏమగునో ఓపికతో చూచుటయే ఆ పరీక్ష. మారినది కొలత. 1832లో ఎంత ఉప్పు వేయవలెనో తెలియక వైద్యుడు తడుముకొనెను. నేడు ఏ మారుమూల ఆసుపత్రిలోనైనను సీసాపై 0.9 అని అచ్చువేసి ఉండును. ఆ చిన్న సంఖ్యను నిర్ణయించుటకు లెక్కలేనన్ని ఎర్రకణములు పరీక్షనాళికలలో పగులవలసివచ్చినది.